ఉప్పు మూటలు

హోటలు కింద, నేలమాళిగలో ఉంటుంది మా లాండ్రీ. కిటికీ అన్నది లేదు. ఉన్న ఒక్క తలుపూ దుప్పట్ల బండి పైకి వెళ్లేటప్పుడే తెరుస్తారు. మళ్లీ బయటి నుంచి గడియ పెట్టేస్తారు. దుప్పట్లు మాయమవుతున్నాయట. నిప్పంటుకుంటే మా గతేమిటని చేరిన రోజే అడిగాను.

"అంటుకోకుండా చూసుకోండి" అంది గంటమ్మ.

ఆవిడ మా సూపర్‌వైజరు. బల్ల మీద గంట కొట్టి పని మొదలుపెట్టిస్తుంది, గంట కొట్టి ఆపిస్తుంది. అందుకని ఆ పేరు. ఎదురుపడితే మాత్రం మేడం అంటాం.

ఈమధ్య నా కూతురు కూడా అక్కడే చేరింది. ఒకే ఇంటి నుంచి ఇద్దరిని తీసుకోరు. తెలిస్తే ఇద్దరినీ పంపేస్తారు. అందుకని వాళ్ల పిన్ని ఇంటి చిరునామా రాయించింది. పొద్దున ఒకరి వెనక ఒకరం బయల్దేరతాం, దారిలో ఎడం పాటిస్తాం. లోపల అది నన్ను ఆంటీ అంటుంది, నేను దాన్ని కొత్తమ్మాయీ అంటాను. మొదట్లో ఇద్దరికీ నవ్వొచ్చేది. ఇప్పుడు దానికొక్కదానికే వస్తోంది.

ఇదంతా ఒక ఎత్తు, దాని నెలసరి నొప్పి ఒక ఎత్తు. వచ్చిన మొదటి రోజు ముఖం సున్నం కొట్టినట్టయిపోతుంది, మెలికలు తిరిగిపోతుంది. కడుపులో గడ్డేమోనని ఆస్పత్రికి లాక్కుపోయాను. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "గడ్డా లేదు, ఏమీ లేదమ్మా. కొందరికింతే. వెచ్చగా కాపడం పెట్టు, కాస్త అటూ ఇటూ నడవనీ. నెలనెలకీ నొప్పి పెరుగుతున్నా, రక్తం మరీ ఎక్కువ పోతున్నా మళ్లీ తీసుకురా" అంది. ఏమీ లేదన్నాక నా భయం ఇంకాస్త పెరిగింది. ఏదో ఒకటి ఉండి ఉంటే దాని పేరైనా తెలిసేది కదా.

అప్పటినుంచీ ఇంట్లో నా తంటాలు నేను పడుతున్నాను. అల్లం దంచి మరిగించిన నీళ్లు తాగిస్తాను. మోకాళ్లు పొట్టకు ఆనేలా పక్కకు పడుకోబెట్టి నడుం రాస్తాను. అన్నిటికన్నా పనిచేసేది ఉప్పు మూట. రాళ్ల ఉప్పు గుడ్డ సంచిలో పోసి, మూతి కుట్టేసి, పెనం మీద వెచ్చబెడతాను. మణికట్టుకు ఆనించి వేడి చూసుకుని, బట్టల మీంచే పొత్తికడుపు మీద పెడితే, ముడిపడ్డ దాని కనుబొమలు మెల్లగా విడతాయి. మా కిటికీకి రెండు తెరలుంటే, ఒకటి చిరిగిపోయిందని దానితోనే రెండు మూటలు కుట్టాను. నీలం మీద పసుపు పూలు. ఒకటి చల్లారితే ఇంకొకటి.

ఆ రోజు నొప్పి తలుపు మూశాక వచ్చింది. కొత్తవాళ్లు పని మధ్యలో ఇంటికి పోతే ఇక రానక్కర్లేదంటారు. గంట కొట్టేదాకా అది నిలబడాలి. నేను బల్లకు ఇవతల, అది అవతల. దగ్గరికి వెళ్లి తల నిమరడానికి లేదు.

లాండ్రీలో ఆడవాళ్లకు ఒక పద్ధతుంది. మూల గోడ వెంట ఆవిరి పైపు పోతుంది. నెలసరి వచ్చినవాళ్లు ఆ పక్క బల్లకు మారి, తువ్వాలు మడిచి పైపు మీద వేస్తారు. వెచ్చబడ్డాక నడుముకు కట్టుకుని పని చేసుకుంటారు. ఎవరూ ఏమీ అడగరు. తువ్వాలు కనబడితే బరువు బుట్టలు అటు తొయ్యరు, అంతే. నా కూతురు పైపు దగ్గరికి మారి, సంచిలోంచి తన మూట తీసి దాని మీద పెట్టింది.

"ఏం కొత్తమ్మాయీ, దుప్పటి మడుస్తున్నావా, అందులో దూరి పడుకుంటున్నావా?" అంది ఇస్త్రీ యంత్రం దగ్గరుండే అక్క.

"పడుకుంటే మీరు నన్ను కూడా ఇస్త్రీ చేసేస్తారని భయం అక్కా."

అందరూ నవ్వారు. నేను దాని పెదవులే చూస్తున్నాను. తెల్లబడ్డాయి. పడిపోతే తల బల్ల అంచుకు తగులుతుంది. తలుపు తెరిపించేసరికి ఏమవుతుందో. ఆగలేకపోయాను. ముందుజాగ్రత్తకని నా రొంటిన దోపుకున్న రెండో మూట తీసి, తువ్వాలు వేసే నెపంతో వెళ్లి పైపు మీద పెట్టాను. ఇంట్లో చేసే పనే, చేతికి అలవాటు. అక్కడ చేయకూడదని చేతికి తెలియదు కదా.

వెనక్కి తిరిగేసరికి గంటమ్మ నిలబడి ఉంది. రెండు మూటలూ చేతిలోకి తీసుకుంది.

"ఇవెవరివి?"

ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది.

"రెండూ ఒకే గుడ్డలా ఉన్నాయే. పూలు కూడా."

అయిపోయింది, ఇద్దరం రోడ్డు మీద పడ్డాం అనుకున్నాను. ఎలాగూ తెలిసిపోయింది, నిజం చెప్పి కాళ్లు పట్టుకుందామని, "మేడం, అసలు సంగతేంటంటే" అని మొదలుపెట్టాను.

"ఆంటీ కుట్టిచ్చింది మేడం" అంది నా కూతురు, పొట్ట పట్టుకునే. "నాకొక్కదానికే కాదు, అందరికీ కుట్టిస్తానంది. అన్నీ ఒకే గుడ్డలో కోస్తే ఒకేలా ఉంటాయి కదా."

రెప్ప కూడా ఆర్పలేదు. ఇది నా కడుపున ఎలా పుట్టిందా అనుకున్నాను.

"నాది ఇంకా రాలేదు మేడం" అంది ఇస్త్రీ అక్క యంత్రం ఆపకుండానే. "రేపిస్తా రేపిస్తా అని తిప్పుతోంది."

"నాకు కాస్త పెద్దది చెప్పాను, నా నడుం చూశారుగా" అంది దుప్పట్ల బండి తోసే ఆవిడ.

మూటల సంగతి నేను వాళ్లెవరితోనూ ఎప్పుడూ అనలేదు. గంటమ్మ మా ముఖాలన్నీ చూసింది. వెచ్చబడ్డ మూటను తన నడుముకు ఆనించుకుంది. తరవాత దాన్ని నా కూతురి చేతిలో పెట్టింది.

"అయితే రేపు అందరివీ తీసుకురా. నాదీ. చూస్తాను."

ఆ 'చూస్తాను' నా గుండెలో ముల్లులా దిగింది. ఏం చూస్తుంది, మూటలా, మమ్మల్నా?

గంట కొట్టాక ఇస్త్రీ అక్క నా పక్కకు వచ్చింది. "కూర్చుని కుట్టెయ్ వదినా. గుడ్డంటే ఏదో సర్దేశాం. ఆ పిల్ల ముఖాన ఉన్న నీ ముక్కు ఎక్కడ దాస్తావు?"

వాళ్లకు ఎప్పట్నుంచో తెలుసన్నమాట. నాకు ధైర్యం రావాలి. రాలేదు. తెలిసిన నోళ్లు ఎక్కువైతే జారే నోళ్లూ ఎక్కువే.

ఇంటికొచ్చి వెతికితే ఆ పూల గుడ్డ పీలిక కూడా మిగల్లేదు. కిటికీకి ఉన్న రెండో తెర ఒక్కటే ఉంది. దించి కత్తిరించడం మొదలుపెట్టాను. కూతురు మంచం మీద మోకాళ్లు ముడుచుకుని, పొట్ట మీద వేడి మూటతో పడుకుని ఉంది. ముఖంలోకి కాస్త రక్తం వచ్చింది.

"అమ్మా, కిటికీ బోసిపోయింది. ఎదురు మేడలో మన హోటలు వాళ్లుంటారు."

అది నాకు అప్పుడు తట్టింది. గబగబా దాని మీది దుప్పటి లాగి కిటికీకి కట్టాను. ఇంకా పొద్దు పోకుండానే గది చీకటైపోయింది, గాలి ఆగిపోయింది. అచ్చం లాండ్రీలాగే ఉంది. దీపం వేసి, తలుపు గడియ ఉందో లేదో మళ్లీ చూసి వచ్చాను.

"దారం ఎక్కించి ఇవ్వనా, ఆంటీ?" అంది.

"ఇంట్లో కూడానా?"

"అలవాటు తప్పితే రేపు నోరు జారుతుంది."

అదీ నిజమే. సూది అందించాను.

"జాగ్రత్త, గుచ్చుకుంటుంది, కొత్తమ్మాయీ" అన్నాను.