నల్లబండ నత్తలు

పొసో సరస్సులో నల్లబండని పట్టుకుని బతికే నత్తలకి ఒంటి అంచున పసుపు గీత ఉంటుంది. పడవల రేవు బురదలో ఉండేవి వేరు, మునిగిన దుంగల మీద పాకేవి వేరు. ఎన్ని వేల ఏళ్ళుగానో ఒక్కో జాతి తన చోటుకి తగ్గట్టు పళ్ళూ పెంకూ మార్చుకుని అక్కడే స్థిరపడిపోయింది. లెస్తిన్ ఈ పాఠం బడిలో చదవకముందే బకెట్లో చూసింది.

సరస్సు ఒడ్డున ఆమె ఊళ్ళో నత్తల్ని తెచ్చిన రోజే వండరు. కడుపులోని ఇసుక కక్కేదాకా రాత్రంతా బకెట్లో నానబెడతారు. తెల్లారేసరికి కొన్ని తల్లులు పిల్లల్ని కని ఉంటాయి. గింజంత పిల్ల, పెంకుతో సహా. వాటిని పొయ్యి దాకా పోనివ్వరు. ఇంట్లో చిన్నవాళ్ళు తీసుకెళ్ళి నీళ్ళలో వదలాలి. దగ్గర కదా అని అందరూ రేవులోనే వదులుతారు. లెస్తిన్ కూడా అలాగే వదిలేది. ఒక వేసవిలో నీళ్ళు తగ్గితే రేవు బురదంతా తెల్లటి ఖాళీ పెంకులు కనిపించాయి. అన్నీ బండ నత్తల పిల్లలవే. అప్పటినుంచి ఆమె పసుపు గీత పిల్లల్ని నల్లబండ దాకా మోసుకెళ్తోంది.

ఇప్పుడు ఆ బండ మీద సిమెంటు పోసి, చూడ్డానికొచ్చేవాళ్ళ కోసం వేదిక కడతామని ఊరిపెద్ద సెఫ్నాత్ తేల్చేశాడు. "మేమేం కసాయివాళ్ళమా? ముందు నత్తల్నన్నిటినీ ఏరి రేవులో వదిలేద్దాం. ఆదివారం ప్రార్థన అయ్యాక. ఫొటోలు కూడా తీయిద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చి లెస్తిన్ కుతకుతలాడిపోయింది.

"అందులో తప్పేముందే?" అంది అమ్మమ్మ ఓర్పా, సాగో పిండితో జావ కలుపుతూ. "మీ తాత పొరుగూరి నుంచి వచ్చి నా పక్కన బతకలా?"

"తాతకి కాళ్ళున్నాయి. నచ్చకపోతే వెళ్ళిపోయేవాడు."

"నా వంట తిన్నాక నడిచే ఓపిక ఎక్కడిదిలే."

"నవ్వులాట కాదమ్మమ్మా! ఆ పెంకులు నీకు చూపించానా లేదా?"

"చూశాను. ఆ మాట సెఫ్నాత్‌తో చెప్పు. నా మీదైతే గయ్యిన లేస్తావు. వాకిలి దాటితే నోట్లో నాలుకుండదు."

ఆదివారం ఊరంతా మోకాలి లోతు నీళ్ళలో దిగి, నవ్వుకుంటూ బండని గీకింది. బకెట్లు రేవుకి చేరాయి. సెఫ్నాత్ బకెట్ పట్టుకున్న లెస్తిన్‌ని ఫొటో కోసం ముందుకి లాగి నిలబెట్టాడు.

"నవ్వు పిల్లా! పళ్ళు కనపడాలి. ఏంటి, నత్త కరిచిందా?"

అందరూ గొల్లుమన్నారు. ఆమె చెవులు వేడెక్కాయి. నత్తల్ని ఆమె కూడా తింటుంది. మిరపకాయలు దంచి వేసి వండితే వేళ్ళు నాకుతుంది. ఆకలికి తినడం వేరు. చంపుతూ, కాపాడామని చప్పట్లు కొట్టించుకోవడం వేరు.

"ఊఁ, బకెట్ వంచి పొయ్యి" అన్నాడు సెఫ్నాత్.

"పొయ్యను."

నవ్వులు ఆగాయి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఇక్కడ పోస్తే చస్తాయి. ఇన్నేళ్ళూ బండ పిల్లల్ని ఇక్కడే పోశాం. ఒక్కటైనా బతికిందా?"

"నత్తకి సొంతూరు కూడానా? రేపు పెళ్ళిపిలుపు కూడా అడుగుతుందేమో!"

లెస్తిన్ వంగి రేవు బురద గుప్పెడు తీసి సెఫ్నాత్ చేతిలో పెట్టింది. బురద కంటే పెంకులే ఎక్కువ. అతను చూశాడు. చూసి, చెయ్యి నీళ్ళలో కడిగేసుకున్నాడు. "కానివ్వండి, ఎండెక్కుతోంది" అన్నాడు.

ఎవరో రెండు బకెట్లు బురదలోకి బోర్లించారు.

లెస్తిన్ తన బకెట్ చంకనెత్తుకుని ఒడ్డు వెంట నడిచింది. నల్లబండ ఎక్కి, నీటి అంచున ఒక్కో నత్తనీ ఆనించి, అవి పట్టుకునేదాకా వేలితో అదిమి, బండ మధ్యలో కూర్చుంది.

సెఫ్నాత్ వెనకే వచ్చాడు. "లే. సిమెంటు కలిపేశారు. గట్టిపడిపోతుంది."

"పడనీండి."

"ఓర్పమ్మా, నీ మనవరాలికి చెప్పు!"

ఓర్పా గౌను కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలో నడిచి వస్తోంది. ఆమె బకెట్ నిండుగానే ఉంది.

"జరగవే. బండంతా నీ ఒక్కదానిదేనా?" అంటూ మనవరాలి పక్కన చతికిలబడింది. తర్వాత సెఫ్నాత్ వైపు తిరిగింది. "ఏంటయ్యా చూస్తావు? ఇప్పుడు తియ్యి ఫొటో. నేను నవ్వుతాను."

లెస్తిన్ నవ్వలేదు. చెయ్యి చాపి, అమ్మమ్మ బకెట్లోంచి ఇంకో నత్తని తీసింది.