గురప్ప కొత్త ఇంటి నంబరు

ఓటర్ల జాబితా సవరణ కోసం సుబ్రహ్మణ్యం పెద్దపంజాణి దగ్గరి ఊళ్లు తిరగడం అది నాలుగో రోజు. పుంగనూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మనిషి. భార్య రత్నమ్మ పోయి ఆరు నెలలైంది. అప్పటినుంచి ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉండిపోవాలనిపిస్తోంది ఆయనకు.

ఊరి చివరి గుడిసె ముందు గురప్ప చాప వేశాడు. తండ్రి నాటినుంచి ఊరి పెద్ద రైతు వరదరాజులు ఇంట్లో జీతగాడు. వెట్టి రద్దయి ఆరేళ్లయినా వాళ్ల కొట్టంలోనే ఉండి, ఈ ఏడే బయటికొచ్చాడు. జాబితాలో మాత్రం పేరు ఇంకా వరదరాజులు ఇంటి నంబరు కిందే ఉంది. పోలింగు నాడు ఆ ఇంటి జీతగాళ్లందర్నీ వరదరాజులు బండెక్కిస్తాడు. ఓటు ఎవరికో దారిలోనే చెబుతాడు.

“నా పేరు ఈడికి మార్సు అయివారూ. ఈసారి నేను నడిసే పోతా,” అన్నాడు గురప్ప. “నీ సేతిలో ఆ ఇంగ్లీషు కాయితంలో ఏముండాది?”

మొదటి వాక్యంలోనే ఎన్‌ఫ్రాంచైజ్ అనే మాట ఉంది. సుబ్రహ్మణ్యం దాని అర్థం చెప్పాడు.

“ఓటు హక్కు ఇవ్వడమని. పాత అర్థం వెట్టివాణ్ణి విడిపించడం. ఫ్రాంకులని ఒక జాతివాళ్లు వేరే దేశం గెలిచారట. అక్కడ పూర్తి స్వతంత్రులు వాళ్లే. వాళ్ల పేరే స్వేచ్ఛకు మాటై ఇందులో చేరింది. ముందు విడుదల. ఓటు ఎంతో తర్వాత.”

గురప్ప నవ్వాడు. “మాకు తిరగేసి ఇచ్చినారే! ఓటు ముప్పై ఏండ్ల ముందే వచ్చె. ఇడుదల నువ్వు ఇప్పుడు రాస్తాండావు.”

అంతలో వరదరాజులు వచ్చాడు.

“గురప్ప మా ఇంటి మనిషి. యాల మార్సేది? కుప్పంలో ఇంగ్లీషు అయివారు లేడంట. మిమ్మల్ని ఆడికి ఏయించమంటారా?”

నిరుడైతే సుబ్రహ్మణ్యం భయపడేవాడు. సాయంత్రం బడి వదలగానే బస్సు పట్టుకుని మదనపల్లె ఇంటికి చేరేవాడు. కుప్పం నుంచి రోజూ వచ్చిపోవడం కుదరదు. ఇప్పుడు ఆ ఇంటి తాళం తనే తీసుకోవాలి.

“వేయించండి,” అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

వరదరాజులు “సూస్తాం లే,” అని వెళ్లిపోయాడు.

గురప్ప ముఖం వాడిపోయింది. “నా వల్ల నీకు కుప్పం యాల? పాత ఇంటికే ఉండనీ.”

“నువ్వు యాడికన్నా రాపిచ్చుకో,” గుడిసెలోంచి అతని భార్య అరిచింది. “అయివారూ, నా పేరు మాత్రం ఈడికే రాయి. చిన్నక్క.”

గుడిసెకు నంబరు లేదు. సుబ్రహ్మణ్యం బొగ్గుముక్క అడిగి తీసుకుని, వరుసలో వచ్చే అంకె తలుపు మీద వేశాడు. జాబితాలో ఆ నంబరు కింద ముందు చిన్నక్కను రాసుకున్నాడు. గురప్ప వైపు చూశాడు. “దాని కిందే నాదీ రాయి,” అన్నాడు గురప్ప.