జగ్గయ్య పెట్టిన రెండు అర్జీలు

జాలరిపేట ఒడ్డుకు ఆరు మైళ్ళ దూరంలో, సముద్రం అడుగున కొన్ని బండలున్నాయి. వాటి చుట్టూ మంచి ధర పలికే కోనాం చేపలు తిరుగుతాయి. ఆ చోటు పేటలో జగ్గయ్య ఒక్కడికే తెలుసు. నీళ్ళ మీద గుర్తు పెట్టుకోలేం కాబట్టి, తండ్రి నేర్పినట్టు ఒడ్డును చూసి దాన్ని పట్టుకునేవాడు. తెప్ప మీద నిలబడి చూస్తే బీచి రోడ్డులోని పాత బంగళా, దాని వెనక దూరంగా కొండ మీదున్న నొక్కు ఒకే వరసలోకి రావాలి. అదే సమయానికి దక్షిణాన లైట్‌హౌసు యారాడ కొండ కొసకు తగలాలి. రెండూ కుదిరిన చోట గాలం వేస్తే ఉత్త చేతుల్తో వచ్చిన రోజు లేదు.

1983లో ఆ బంగళాను కూలగొట్టారు. స్టీల్ ప్లాంటు పని మొదలయ్యాక ఊళ్ళోకి ఇంజనీర్లు, ఆఫీసర్లు దిగారు. వాళ్ళకి సముద్రం కనిపించే ఇళ్ళు కావాలి. అర్జునరావు అనే కాంట్రాక్టరు ఆ స్థలం కొని ‘సాగరదర్శన్ అపార్టుమెంట్లు’ అని బోర్డు పెట్టాడు.

బంగళా పోతే పోయింది, కొత్త మేడ మూలనే గుర్తుగా పెట్టుకోవచ్చు అనుకున్నాడు జగ్గయ్య. కానీ సముద్రంలోంచి కొలిచి చూస్తే ఒక సంగతి తేలింది. ఐదంతస్తుల వరకూ కొండ నొక్కు కనిపిస్తుంది. ఆరోది వేస్తే మునిగిపోతుంది.

పాతూళ్ళో ఉండే నజీర్, మేడల ప్లానులు మంజూరు చేసే ఆఫీసు వరండాలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొడతాడు. జగ్గయ్య అతని దగ్గరికెళ్ళి కూర్చున్నాడు.

“బావా, ఆ మేడ ఐదు దాటకుండా ఒక కాయితం కొట్టు. దాటిందంటే నాకు సేపల్లేవు.”

“మేడకీ చేపలకీ ఏంటి బావా సంబంధం?”

జగ్గయ్య చెప్పింది విని నజీర్ నవ్వలేదు. శ్రద్ధగా కొట్టి, కార్బన్ కాపీ ఒకటి తన పెట్టెలో దాచుకున్నాడు.

ఆఫీసరు అర్జీ చదివి తల గోక్కున్నాడు. “ప్లానులో ఐదే ఉన్నాయయ్యా. ఐదు దాటొద్దంటే, దాటనిదానికి నేనేం చెయ్యను?”

“దాటితేనో బాబూ?”

“దాటితే అప్పుడు రా.”

ఆరో అంతస్తు పోసిన మర్నాడు జగ్గయ్య వెళ్ళాడు.

“నీ ఫైలు మూసేశాం. ఆరో అంతస్తు మా రికార్డులో లేదు,” అన్నాడు ఆఫీసరు.

“కంటికి అగుపడతంది కద బాబూ!”

“కంటికి కనిపించినవన్నీ రికార్డులోకి ఎక్కవు.”

రికార్డులో లేని ఆరో అంతస్తు మీద ఏడోది, దాని మీద ఎనిమిదోది లేచాయి. కొండ నొక్కు కనుమరుగైంది. జగ్గయ్య రెండేళ్ళు అటూ ఇటూ వెతికాడు. అలవాటైన చెయ్యి అటే లాగుతుంది, గాలానికి మాత్రం ఏమీ తగలదు. అతని భార్య గంగాలమ్మ కోనాం అమ్మే గంపలో చవకరకం కవ్వళ్ళు పెట్టుకుని వీధులు తిరిగింది. రోజూ తెప్ప దించే ముందు జగ్గయ్య ఆ మేడను చూసి ఒక తిట్టు తిట్టేవాడు. ఆ మేడలోనేమో ఎనిమిదో అంతస్తులో ఉండే తాతబాబు, ఒడ్డున ఎండుచేపల కంపు భరించలేకపోతున్నామని అపార్టుమెంట్ల సంఘం తరఫున ఫిర్యాదులు పంపేవాడు.

1987 చలికాలంలో ఒక ఉదయం గాలి తెప్పను కొంచెం ఉత్తరంగా నెట్టింది. జగ్గయ్య తల తిప్పి చూశాడు. మేడ పైన నీలం రంగేసిన నీళ్ళ ట్యాంకు, దాని వెనక ఇంకా ఎత్తయిన కొండ మీది బోడిరాయికి సరిగ్గా ఆనింది. దక్షిణాన లైట్‌హౌసు ఉండాల్సిన చోట ఉంది. గాలం వేశాడు. ఒడ్డుకి వచ్చేసరికి తెప్ప మీద ఏడు కోనాములున్నాయి. గంగాలమ్మ సంబరపడింది. జగ్గయ్యకు మాత్రం కొంచెం సిగ్గేసింది. మర్నాటి నుంచి తిట్టడం మానేశాడు.

మరుసటేడు పేపర్లో ప్రకటన పడింది. సాగరదర్శన్ పై మూడంతస్తులు నిబంధనలకు విరుద్ధం, కూల్చివేస్తారు, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవచ్చు.

జగ్గయ్య నజీర్ దగ్గరికి పరిగెత్తాడు. “బావా, కూల్చొద్దని కొట్టు! టేంకు పోతే నాను మళ్ళీ గుడ్డోణ్ణే.”

నజీర్ ఈసారి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. పెట్టెలోంచి పాత కాపీ తీశాడు. “కొత్తగా రాసేదేముంది? ‘ఐదు మించరాదు’ అన్న చోట ‘ఎనిమిదికి తగ్గరాదు’ అని కొడితే సరి.”

సంగతి తెలిసి అర్జునరావు, తాతబాబు కలిసి జగ్గయ్య పాకకి వచ్చారు. తాతబాబు బోర్లించిన గంప మీద కూర్చుని, జేబురుమాలు ముక్కు దాకా తెచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. “ఆఫీసులో మీలాంటి పెద్దలు చెబితేనే వింటారు జగ్గయ్యగారూ,” అన్నాడు. జగ్గయ్యని ఎవరైనా గారూ అనడం అదే మొదలు.

విచారణలో ఆఫీసరు రెండు అర్జీలూ పక్కపక్కన పెట్టాడు. “అప్పుడు ఎక్కువన్నావు, ఇప్పుడు తక్కువ చెయ్యొద్దంటున్నావు. నీ మాట ఏది?”

“రెండూ నా మాటే బాబూ. అప్పుడు కట్టొద్దంటే కట్టీసినారు. దాంతోటే బతకడం నేర్సుకున్నాను. ఇప్పుడు తీసీత్తానంటన్నారు. మీరు మార్సినప్పుడల్లా నాను సముద్రాన్ని జరపలేను కద!”

కాంట్రాక్టరు లాయరు చప్పున లేచాడు. ఈ కట్టడం మత్స్యకారుల ప్రాణాలకు దారిచూపే గుర్తని, దాన్ని ముట్టుకుంటే ప్రజాహితానికి భంగమని అరగంట వాదించాడు. జగ్గయ్యకు సగం అర్థం కాలేదు గానీ, విన్నంతసేపూ గర్వంగానే ఉంది.

మూడు నెలలకు ఉత్తర్వు వచ్చింది. నజీర్ పాక ముందు నిలబడి చదివాడు. ఎనిమిది అంతస్తులూ ఉంటాయి. మేడను సముద్రపు గుర్తుగా ప్లానులో చేర్చారు. నజీర్ అక్కడ ఆగాడు.

“చదువు బావా,” అన్నాడు జగ్గయ్య.

“సదరు గుర్తు సముద్రం నుంచి ఏ అడ్డూ లేకుండా కనిపించడం కోసం, దాని ముందున్న పదకొండు పాకలూ తొలగించాలి.”

గంగాలమ్మ తమ తాటాకుల కప్పు చూసింది, తలెత్తి మేడ చూసింది. “ఎనిమిదంతస్తులకి మన పాక అడ్డమేటి?” అంది.

“ఆఫీసులో అడిగాను వదినా. రూలు అదేనట,” అన్నాడు నజీర్.

పదకొండు కుటుంబాలకూ కొండ వెనక స్థలాలిచ్చారు. అక్కడ సముద్రం చప్పుడు కూడా వినిపించదు. పాకలున్న చోట గడ్డి వేసి సిమెంటు బల్లలు పెట్టారు. జగ్గయ్య చీకటితోనే లేచి మూడు మైళ్ళు నడిచి తెప్ప దగ్గరికి వస్తాడు. గుర్తు చక్కగా కనిపిస్తుంది, చేప పడుతుంది. పేట వాళ్ళు కొందరు అతనితో మాట్లాడ్డం మానేశారు. వాళ్ళని అతనూ తప్పుపట్టలేదు.

ఒక రోజు గంగాలమ్మ గంపతో సాగరదర్శన్ గేటు దగ్గర కూర్చుంది. తాతబాబు కిందికి వచ్చి పెద్ద కోనాం ఎంచుకున్నాడు.

“ఈమధ్య బాగా పొద్దెక్కాక వస్తున్నావేం?”

“ఇల్లు దూరమైపోనాది బాబూ.”

“అయ్యో, ఇక్కడే దగ్గర్లో ఎక్కడైనా చూసుకోలేకపోయారా?”

గంగాలమ్మ అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు. ఆమె కత్తిపీట ముందుకు లాక్కుంది.

“తల ఉంచమంటారా బాబూ, తీసీమంటారా?”