బైండరన్న చదవని పేజీ

యూనివర్సిటీ లైబ్రరీ వెనకగదిలో ఇరవై రెండేళ్లుగా థీసిసులు కుట్టి అట్టలు వేసే మనిషిని అందరూ బైండరన్న అంటారు. నలభై ఆరో ఏట ఆయన అక్కడే సాయంత్రం డిగ్రీలో చేరాడు. ఇంగ్లీషు మౌఖిక పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఇది ఆఖరిసారి. ఇదీ తప్పితే సీటు పోయినట్టే.

"మీ యూనివర్సిటీ జీవితం గురించి చెప్పండి" అంది పరీక్ష పెట్టే మేడం.

ట్యూషన్ మాస్టారు అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టు ఒకటే జవాబు బట్టీ పట్టించాడు. బైండరన్న గడగడా అప్పజెప్పసాగాడు. విశాలమైన క్యాంపస్, క్యాంటీన్లో స్నేహితులు.

మేడం పెన్ను కింద పెట్టింది. "ఈ క్యాంటీన్ గురించి పొద్దున్నుంచి పదకొండుసార్లు విన్నాను. మీ సొంతది చెప్పండి."

ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో, ఆగి ఆగి మొదలుపెట్టాడు.

"పుస్తకాలు కుట్టాను. చదవలేదు. నాకు ఇంగ్లీషు రాదు కదా, నంబర్లు చూసి పేజీలు పేర్చేవాణ్ని. ఆరేళ్ల కిందట ఒక రీసెర్చి అమ్మాయి థీసిస్ కుట్టించుకుంది. తీసుకుని వెంటనే వెళ్లిపోలేదు. మూడో పేజీ తెరిచి, ఒక్కసారి చూడన్నా అంది. చూశాను. వరస సరిగ్గానే ఉందమ్మా, భయపడకు అని మూసి ఇచ్చేశాను. నవ్వి వెళ్లిపోయింది."

కుర్చీ ముందుకు జరుపుకుని మళ్లీ అందుకున్నాడు.

"పోయిన నెల చదవడం నేర్చుకుందామని లైబ్రరీ బీరువాలోంచి అదే థీసిస్ కాపీ తీశాను. మూడో పేజీలో గైడుకి, అమ్మానాన్నలకి కృతజ్ఞతలు చెప్పి, అన్నిటికంటే కింద రాసింది. 'నేను ఏడ్చిన రోజు ఏమీ అడక్కుండా తన బల్ల దగ్గర కూర్చోనిచ్చిన బైండరన్నకి' అని. ఆ పేజీ ఐదు కాపీల్లో నా చేత్తోనే కుట్టాను. డిపార్ట్‌మెంటుకి పరిగెత్తాను. ఆ అమ్మాయి జబ్బు చేసి పోయింది, రెండేళ్లయింది అన్నారు."

సిగ్గు, దుఃఖం ఒకేసారి ముంచుకొచ్చి తల దించుకున్నాడు.

మేడం కాగితం మీద మార్కులు వేసింది. "పాసయ్యారు" అంది. లేవబోతుంటే ఆపింది. "ఇది పరీక్ష కోసం కాదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎదురుగా ఉంటే ఏమంటారు?"

ఆయన ఇంగ్లీషు వెతుక్కోలేదు.

"చూశానమ్మా అంటాను."