ఒక్క గుటక

మూడో నంబరు పేషెంటుకు గుటకయ్య నీళ్లగ్లాసు అందించాడు. పేషెంటు అరచేతిలో ఉన్న బిళ్ల వేలి కణుపంత ఉంది. దాని కొసన చిన్న దీపం మిణుకుమంటోంది.

"నమలకండి. ఒక్క గుటక, అంతే."

పాతికేళ్లుగా ఈ గదిలో ఆ మాటే అంటుండటంతో అతనికి ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, దానితో ఎవరికీ పని పడలేదు. కడుపులోకి గొట్టం వేసి చూసే రోజుల్లో పేషెంటు తల పట్టుకోవడం, దవడ కింద గిన్నె పెట్టడం, భయంతో కొరికితే ఓర్చుకోవడం అతని పని. ఎడమ బొటనవేలి మీద పళ్ల గాట్లు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు గొట్టం పోయి, కెమెరా ఉన్న బిళ్ల వచ్చింది. పేషెంటు బల్ల మీద పడుకుంటే పైన అయస్కాంతం తిరుగుతుంది. దాన్ని తిప్పే డాక్టరు ఎక్కడో వేరే ఊళ్లో, తన కడుపులో చల్ల కదలకుండా కూర్చుని, ఇక్కడి కడుపుల్లో బిళ్లను కదుపుతాడు. గోడమీది స్పీకరులోంచి ఆయన 'ఎడమకి' అంటే గుటకయ్య పేషెంటును ఎడమకి తిప్పుతాడు. ఆయన ఇతని మొహం ఎన్నడూ చూడలేదు. కెమెరా ఉండేది కడుపులో, గదిలో కాదు.

పేషెంట్లు పరగడుపున రావాలి. వాళ్లు పస్తుంటే తను తినడానికి గుటకయ్యకు మనసొప్పదు. ఆఖరి మనిషి బల్ల దిగేదాకా టీ కూడా ముట్టడు. అలా ఉండమని ఎవరూ అడగలేదు, ఉన్నందుకు ఎవరూ మెచ్చుకోలేదు. కొంతకాలంగా కడుపులో మంట లేస్తే, బల్ల అంచుకు పొట్ట ఆనించి నిలబడుతున్నాడు.

ఎదురుగా గోడమీద అద్దం కట్టిన ఫొటో ఉంది. ఎర్రటి పొర మధ్య, తెల్లటి అడుగుతో, గుంటలాంటి పుండు. కింద 'ఇంత స్పష్టంగా చూడగలం' అని పెద్ద అక్షరాలు. రోజూ పొద్దున్నే ఆ అద్దం తుడిచేది గుటకయ్యే.

"అది ఎవరి కడుపండీ?" అన్నాడు పేషెంటు, పడుకున్నవాడు పడుకున్నట్టే.

"ఎవరిదోనండి, పాపం. కదలకండి."

స్పీకరులో డాక్టరు ఆ మాట విన్నాడు. గోడకెక్కింది తను తీసిన బొమ్మేనని ఆయనకు తెలుసు. "ఆ పుండు మనిషి ఎలా ఉన్నాడు సిస్టర్? ఎనిమిది నెలలైంది కదా. మానిందా?"

కంప్యూటరు ముందున్న సిస్టరు తలెత్తింది. "ఏ మనిషి సార్?"

"మిషను మొదలుపెట్టిన రోజు చూశానే, మొదటి కేసు. వెంటనే మందులు వాడమని రాశాను."

సిస్టరు చెయ్యి మీటల మీదే ఆగిపోయింది. ఆ రోజు పెద్దలంతా చూడటానికి వచ్చారు. ఎవరో ఒకరు బిళ్ల మింగి చూపించాలి. అందరూ టిఫిన్లు కానిచ్చేశారు. మొత్తం ఆసుపత్రిలో ఖాళీ కడుపుతో ఉన్న ఉద్యోగి గుటకయ్య ఒక్కడే. మిషను పేరు అడిగితే, పేషెంటు కాదు కదా అని, ఆమె 'నమూనా' అని కొట్టింది. రిపోర్టు బుద్ధిగా నమూనా పేరునే వచ్చింది. దాన్ని తెరిచినవాడు లేడు. బొమ్మ మాత్రం బాగుందని గోడకెక్కించారు.

"అది నేనేనండి," అన్నాడు గుటకయ్య, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"మందులు వాడలేదా?"

"ఎవరూ చెప్పలేదండి."

"విరేచనం నల్లగా అవుతోందా?"

పేషెంటు వింటున్నందుకు గుటకయ్య సిగ్గుపడ్డాడు. "వారం నుంచి అవుతోందండి."

"సిస్టర్, లోపల రక్తం కారుతోందేమో. ఈ మనిషి దిగగానే అతన్ని పడుకోబెట్టండి. నేను చూసి పెద్దాసుపత్రికి పంపిస్తాను."

సిస్టరు గుమ్మం బయటికి చూసింది. ఇంకా పదకొండుమంది ఉన్నారు. ఆమె నోరు తెరిచేలోపే గుటకయ్య అందుకున్నాడు. "వాళ్లు రాత్రి నుంచి పస్తున్నారండి. వాళ్లవి కానివ్వండి. నేనెక్కడికి పోతాను?"

డాక్టరుకు ఇలాంటి గదులు వేరే ఊళ్లలో ఇంకో నాలుగున్నాయి. "సరే, పన్నెండు మాత్రం దాటనివ్వకండి," అన్నాడు.

పన్నెండింటికి డ్యూటీ మారింది, స్పీకరులో గొంతూ మారింది. పాత డాక్టరు కొత్త డాక్టరుకు చెప్పలేదు. సిస్టరు అరగంటలో చెబుదాం, ఇంకో అరగంటలో చెబుదాం అనుకుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. గుటకయ్య అడగలేదు. పాతికేళ్లు పరాయి కడుపుల కోసం నిలబడినవాడికి, తన కడుపు గురించి ఒక్క మాట నోట రాలేదు. ఆ మంచితనాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒంటిగంటకు భార్య ఫోను చేసింది. "తిన్నారా?"

రోజూ తిన్నానని అబద్ధమాడేవాడు. "లేదు. ఈవేళ నా కడుపు చూస్తారట."

"చూడనివ్వండి. నేను మొత్తుకుంటే విన్నారా? చూశాక ఏమన్నారో చెప్పండి."

"చెబుతాలే."

రెండున్నరకు పద్నాలుగో నంబరు ముసలావిడను ఎడమకి తిప్పాడు. "నీ చెయ్యి మంచులా ఉంది నాయనా," అందావిడ. "ఏసీ అమ్మా," అన్నాడు. ఆవిడను దింపి, చెప్పులు కాళ్ల దగ్గర పెట్టి, గ్లాసు కడిగి మళ్లీ నీళ్లు నింపి ట్రేలో పెట్టాడు. ఆ గ్లాసు తనకే. గోడ పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

సిస్టరు పెట్టె విప్పి బిళ్లను గ్లాసు పక్కన పెట్టింది. దీపం వెలిగింది. ఆమె కంప్యూటరు వైపు తిరిగింది.

"ఈసారి సరిగ్గా రాస్తాను. మీ అసలు పేరు చెప్పండి."

జవాబు రాలేదు. తిరిగి చూసేసరికి గుటకయ్య గడ్డం గుండెకు ఆనించి, రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని ఉన్నాడు. పెదవులు సున్నంలా తెల్లబడ్డాయి. పిలిచారు, కుదిపారు, బల్ల మీద పడుకోబెట్టి గుండె నొక్కారు. ఆ బల్ల మీద వీపు ఆనించడం అతనికి ఇది రెండోసారి. తరవాత దుప్పటి కప్పి తీసుకెళ్లారు.

"సిస్టర్," అంది స్పీకరు, "ఇంకా మింగలేదా? నాకు ఏదో ఖాళీ స్టూలు కనిపిస్తోంది."

గదిలో ఎవరూ లేరు. ఒకసారి విప్పిన బిళ్లను ఆర్పడానికి మీట ఉండదు. నిండా ఉన్న నీళ్లగ్లాసు పక్కన అది మిణుకుమంటూనే ఉంది.