ఆగిన మగ్గానికే సామాను

మా ఆయన మరమగ్గాల షెడ్డులో మేస్త్రీ. పక్కవాడి కేక కూడా వినపడని ఆ హోరులో, మూలనున్న ఒక్క మగ్గం ఆగితే చాలు, ఆయన చెవి అటు తిరిగేది. స్పానరు పట్టుకుని పరుగెత్తేవారు. ఆడుతున్న మగ్గాన్ని ముట్టుకోకూడదు, మరమ్మతు సామాను ఏదున్నా ఆగిన మగ్గానికే పోవాలి. షెడ్డులో అది ఆయన పెట్టిన కట్టుబాటు.

ఇంట్లో ఆయన గురక ఇంకో మగ్గం. అలమరలో పళ్లేలు కూడా గలగలమనేవి. మా తమ్ముడు అదే షెడ్డులో నేతపని చేస్తాడు. "బావా, నువ్వు పడుకుంటే వీధిలో కుక్కలకి డ్యూటీ లేకుండా పోతోంది" అని ఏడిపించేవాడు. నా భయం గురక గురించి కాదు, మధ్యలో అది తెగిపోవడం గురించి. ఛాతీ ఎగిరిపడేది, గాలి మాత్రం లోపలికి పోయేది కాదు. తర్వాత నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా ఒక్క కుదుపుతో ఊపిరి అందుకునేవారు. పొద్దున లేస్తే తలనొప్పి. చెయ్యి కంచంలో ఉండగానే కునుకు. మాత్రలు మింగినా బీపీ దిగేది కాదు.

ఒంటికి వైర్లు అంటించి నిద్రలో పరీక్ష చేశాక డాక్టరమ్మ చెప్పింది. "పడుకుంటే గొంతు మూసుకుపోతోంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె మీద భారం పడుతుంది. ఇలా వదిలేస్తే పక్షవాతం రావచ్చు, గుండె లయ తప్పొచ్చు. గొంతు మూసుకుపోకుండా గాలి ఊదే ఈ మిషన్ రోజూ పడుకునేటప్పుడు పెట్టుకోండి. బాగుందని మానేయకండి."

చిన్న పెట్టె, ఓ గొట్టం, ముక్కుకు తొడుగు. "చివరికి నన్ను ఏనుగుని చేశారు కదే" అని మొదట్లో విసుక్కున్నారు. నెల తిరక్కుండా మనిషే మారిపోయారు. తలనొప్పి పోయింది. ఓ సినిమా చివరిదాకా మెలకువగా చూసి, పక్కనే కూర్చుని చూసిన నాకే కథంతా చెప్పారు. నేనూ కంటినిండా నిద్రపోయాను.

అప్పుడే మా తమ్ముడు మగ్గం దగ్గర నిలబడే నిద్రపోయి వేళ్లు నలగ్గొట్టుకున్నాడు. వాడిదీ అదే గురక. ఆ సాయంత్రమే మా ఆయన పెట్టెని సంచిలో సర్దారు.

"ఎక్కడికి?"

"మీ తమ్ముడికి."

"మరి మీకో?"

"నేను ఆడుతున్నాను కదే. వాడు ఆగిపోయాడు."

"మీరేమన్నా మగ్గమా? మానొద్దని డాక్టరమ్మ చెప్పలేదా?"

"వాడు పరీక్ష చేయించుకుని సొంతది తెచ్చుకునేదాకానే. నీ తమ్ముడి మీద నాకున్న ప్రేమ నీకు లేదేంటి?"

సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

గురక తిరిగొచ్చింది. తలనొప్పీ తిరిగొచ్చింది. నేను గొడవ పెట్టుకున్నప్పుడల్లా "వాణ్ణి కాస్త కోలుకోనీ" అనేవారు. తమ్ముణ్ణి నిలదీస్తే బిత్తరపోయాడు. "తనకి పూర్తిగా తగ్గిపోయింది, నువ్వే ఉంచుకోమన్నాడక్కా బావ!"

మర్నాడు తెచ్చిస్తానన్నాడు. ఆ మర్నాటి మధ్యాహ్నమే, అన్నం తిన్నాక, ఆయన షెడ్డులో గుడ్డ తానుల మీద వాలారు. మగ్గాలన్నీ ఆడుతున్నాయి. ఆ హోరులో ఆయన గురక ఎప్పుడు ఆగిందో ఎవరికీ వినపడలేదు. కాసేపటికి ఓ మగ్గం ఆగింది. మేస్త్రీ ఎంతకీ రాకపోయేసరికి నేతగాడు వెతుక్కుంటూ వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉందట. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక తమ్ముడు పెట్టె తెచ్చాడు. గొట్టం కడిగి, ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డలో చుట్టి తెచ్చాడు. వాడి బుగ్గలు నిండాయి. ఏడ్చి ఎర్రబడినా కళ్లలో నిద్రమత్తు లేదు. అది చూసి నా కడుపు మండింది. అయినా వాడు నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడు.

"నన్ను కొట్టక్కా" అన్నాడు.

చెయ్యి లేవలేదు.

"తీసుకుపో. రోజూ పెట్టుకో. ఎవరికీ ఇవ్వకు."

"నీ దగ్గరే ఉండనీ."

"ఇక్కడ ఎవరికిరా?"

వాడు వెళ్లాక ఆయన పడుకునే వైపు చెయ్యి చాపి పడుకున్నాను. వీధి చివర షెడ్డు ఆడుతూనే ఉంది. ఒక్క మగ్గమైనా ఆగుతుందేమోనని చెవి ఒగ్గి విన్నాను.

ఒక్కటీ ఆగలేదు.