చాకలి ఇంటి గుర్తు

పొద్దున టీ తాగగానే హనుమవ్వ మూటలు విప్పేది. దుప్పట్లొక పక్క, పంచెలొక పక్క, చీరలొక పక్క. కొత్త బట్ట కనిపిస్తే నల్లజీడి గింజకు సూది గుచ్చి, ఆ రసంతో అంచు లోపల ఆ ఇంటి గుర్తు గీసి, పైన ఇంత సున్నం అద్దేది. దేవప్ప పటేలు ఇంటికి మూడు చుక్కలు, ఒక అడ్డగీత. గిద్యోను పాస్టరు ఇంటికి కొక్కెం, దాని కడుపులో చుక్క. ఉడకబెట్టి ఉతికినా గుర్తు పోదు. ఒంటికి తగిలితే మాత్రం బొబ్బలెక్కుతుంది. హనుమవ్వ వేళ్ళు అందుకే కాలిన పుల్లల్లా ఉండేవి.

గుర్తున్న బట్ట ఎక్కడ పోయినా ఇల్లు చేరేది. పాస్టరు గారి పంచె ఒకసారి బీదర్ సభల్లో ఆరేసిన చోటు నుంచి ఎగిరిపోయి, మూడో రోజు హుమ్నాబాద్ బస్సులో వెనక సీటు మీద కూర్చుని వచ్చింది. కండక్టరు టికెట్ అడగలేదు. హనుమవ్వ ఊరు హళ్ళిఖేడ్; ఆ ఊరి బట్టల సంగతి ఆ దారిలో హైదరాబాదు దాకా అందరికీ తెలుసు. వెనకా ముందూ ఎవరూ లేని బసవ్వ చనిపోయినప్పుడు మాత్రం ఆమె చీర చాకిరేవులోని బండ మీంచి కదల్లేదు. మనిషి లేని ఇంటికి బట్ట పోదు.

హనుమవ్వకు చూపు మందగించాక గింజలూ సూదీ కోడలు శోభ చేతికి వచ్చాయి. ఆమె గీసిన మొదటి గుర్తుతో పటేలు తువ్వాలు, ఆయనతో పదేళ్ళుగా మాటల్లేని తమ్ముడింటికి పోయి దండెం మీద కూర్చుంది.

"ఏం తలుసుకున్నవే గీసేటప్పుడు?" అంది హనుమవ్వ.

"పటేలును."

"మనిషిని తలుసుకోకు. ఆ ఇంటి గడపను తలుసుకో. గడపొక్కటే. మనుషులు ఒక్క జాగల ఉంటరా?"

హైదరాబాదులో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. ఊళ్ళో సగంమంది మగవాళ్ళు అక్కడే సిమెంటు మోస్తున్నారు. శోభ భర్త శ్రీశైల్ కూడా పోయాడు. ఆదివారం ఆదివారం బస్టాండు దగ్గర ఫోన్ల కొట్టుకు ఫోను చేసేవాడు. ఏడు ఆదివారాలుగా ఆ ఫోను మోగలేదు. మేస్త్రీ నంబరు పనిచేయడం లేదు. అదే పనిలో ఉండి తిరిగొచ్చిన ఏసప్పను పట్టుకుంటే, "మా కాడికెల్లి వేరే బిల్డింగుకు పోయిండక్కా. ఏ బిల్డింగో ఎవ్వలకు దెల్వది. ఆడ అన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్" అన్నాడు.

శోభ హైదరాబాదు పోయింది. పెళ్ళి ఫొటో పట్టుకుని నాలుగు రోజులు ఎండలో తిరిగింది. కాపలావాళ్ళు ఫొటోలో ఆమెనూ, ఎదుట ఆమెనూ చూసి తల అడ్డంగా ఊపారు. పోలీసులు పేరు రాసుకున్నారు. ఐదో రోజు చెప్పులు తెగి తిరిగొచ్చి, అత్త ముందు కూలబడింది.

"ఆయన అంగీ మీద గుర్తుంటే ఈపాటికి వచ్చేది కదా. మన ఇంటికెందుకు లేదత్తా?"

"చాకలోళ్ళింటికి గుర్తు ఎందుకే పిచ్చిదానా? అందరియి పంచినంక మిగిలినయ్ మనయ్."

"మరి మనిషి మిగల్లేదు కదా!"

హనుమవ్వ గింజల డబ్బా కోడలి వైపు తోసింది. "గియ్యి. ఎవ్వల గుర్తు తీరుగ ఉండొద్దు. చెయ్యి లేపకుంట ఒక్కసారే గియ్యాలె. గడప యాదుంది కదా?"

మరునాడు పరగడుపున శోభ కూర్చుంది. శ్రీశైల్‌దని ఇంట్లో మిగిలింది ఒక పాత తువ్వాలే. మనిషి రాకపోతే పోయె, ఆయన మిగతా బట్టలైనా ఈ తువ్వాలు వెంట వస్తాయేమో, వాటిని బట్టి ఏ పక్క నుంచి వచ్చాయో ఆరా తీయొచ్చేమో అన్నంత దూరం పోయింది ఆమె ఆశ. సూది ఆనించి గడపను తలుచుకుంది. పసుపు పోయి, మధ్యలో అరిగిన గడప. గీత సగంలో ఉండగా ఆ గడప మీద మోకాళ్ళు పైకి పెట్టుకుని, ఉల్లిగడ్డ కొరుకుతూ జొన్నరొట్టె తింటున్న శ్రీశైల్ వచ్చి కూర్చున్నాడు. చెయ్యి ఆపకూడదు. ఆపలేదు.

మూడో రోజు దండెం మీద తువ్వాలు లేదు. వెతికితే ఊరి బయట హుమ్నాబాద్ రోడ్డు కంచెకు చిక్కుకుని, గాలికి ఎదురుగా, తూర్పుకు కొట్టుకుంటోంది. తెచ్చి గూట్లో పెడితే మళ్ళీ అక్కడికే పోయింది.

హనుమవ్వ వేలి కొసతో గుర్తు తడిమింది. "నిజం జెప్పు. గడప మీద ఎవలున్నరు?"

శోభ ఏడ్చింది.

"చెడగొట్టినవ్. ఇది ఇంటికి వచ్చే గుర్తు కాదు. వాన్నే ఇల్లనుకుంటున్నది." చివరి మాట అంటూనే ముసలమ్మ ఆగిపోయింది. తువ్వాలు ఆమె చేతిలోంచి తూర్పుకు గుంజుకుంటోంది. "ఏయ్ పిల్లా... మనిషి లేని ఇంటికి బట్ట పోదు. లే. జల్ది బస్సెక్కు!"

శోభ తువ్వాలును మణికట్టుకు కట్టుకుంది. గింజ, సూది, ఇంత సున్నం కొంగున ముడేసుకుంది. జహీరాబాద్ దాటేదాకా తువ్వాలు కిటికీలోంచి బయటికి ఉరికింది. సంగారెడ్డి దగ్గర కొంచెం మెత్తబడింది. పటాన్‌చెరు వచ్చేసరికి పసిపిల్ల వేలు పట్టుకున్నంత బలమే ఉంది. ఆమె బస్సును తిట్టింది, లారీలను తిట్టింది, దేవుళ్ళను పేరుపేరునా తిట్టింది. దిగాక పరుగు పెట్టింది. అద్దాల మేడల వైపు తిరగబోతే తువ్వాలు వద్దంది. ఒక పెద్ద ఆసుపత్రి గేటులోకి, మెట్లెక్కించి, చివరి వార్డులోకి తీసుకుపోయింది.

అక్కడ మంచం మీద తలకు కట్లతో ఉన్న మనిషి ఛాతీ మీద తువ్వాలు పడి, ఇక కదల్లేదు.

"నీకేమైతడమ్మా?" అంది నర్సు. "రోడ్డు పక్కన పడి ఉంటే ఎవరో తెచ్చిండ్రు. పేరు లేదు, ఊరు లేదు. కండ్లు తెరుస్తలేడు. నిన్నటి నుంచి నీళ్ళు పోసినా మింగుతలేడు."

శోభ పిలిచింది. చెవిలో అరిచింది. ఊరి పేరు, తల్లి పేరు చెప్పింది. అతను ఎక్కడున్నాడో గానీ ఆ ముఖంలో లేడు.

నర్సు అటు తిరగగానే కొంగు ముడి విప్పింది. అతని అరికాలు తోలు మందం, రేవు బండ మీద నిలబడి నిలబడి పగుళ్ళు తీసిన కాలు. బొబ్బలెక్కినా ఓర్చుకుంటుంది. సూది ఆనించి కళ్ళు మూసుకుంది. గడప వచ్చింది, దానితో పాటే అతనూ వచ్చాడు. ఆమె మనసులో అతని రెక్క పట్టుకుని లేపింది. రొట్టె తీసేసింది. ఉల్లిగడ్డ వాసన తీసేసింది. అతను లేని ఉత్త గడపను, ఏడు వారాలుగా తాను చూడలేక పక్కకు తిరిగి దాటుతున్న ఆ గడపను, ఈసారి తేరిపార చూసింది. చెయ్యి లేపకుండా గీసి, సున్నం అద్దింది.

నర్సు వచ్చి దుప్పటి సరిచేయబోయి ఆగింది. రోగి రెండు పాదాలూ పడమటి వైపుకు తిరిగి ఉన్నాయి. నిటారుగా పెట్టి వెళ్ళబోయింది. అవి మళ్ళీ పడమటికే తిరిగాయి.

"ఏ ఊరన్నవమ్మా?"

"హళ్ళిఖేడ్."

"అట్ల చెప్పు," అని నర్సు గ్లాసూ చెంచా అందుకుంది. ఒక చెంచాడు నీళ్ళు పెదాల మధ్య పోసింది. అంచు నుంచి కొన్ని కారిపోయాయి. తర్వాత గొంతు కదిలింది.

"ఇంకిన్ని పొయ్యి సిస్టరమ్మా," అంది శోభ తువ్వాలుతో అతని గడ్డం తుడుస్తూ. "చానా దూరం నడవాలె."